బ్యాంకాక్‌లో తిరగడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువులో స్నేహితులో బ్యాంకాక్ వస్తున్నారంటే వారం ముందే ఫోన్లు మొదలవుతాయి. దిగాక ఎలా వెళ్లాలి, టాక్సీవాళ్లు మోసం చేస్తారట కదా, పడవ ఎక్కితే భయం లేదా అని. కొన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబులను ఈ పేజీలో ఒకచోట చేర్చాను. అన్నిటికీ ఆధారమైన మాట ముందే చెబుతాను. ఈ నగరంలో ముందు రైలు చూసుకోండి, తర్వాత నది. ఆ రెండూ చేరని చోటికే రోడ్డు. ఈ వరుస పాటించినవాళ్లు మూడు రోజుల్లో చూసినన్ని చోట్లు, పొద్దున్నే కారు మాట్లాడుకుని బయలుదేరినవాళ్లు వారంలో కూడా చూడలేకపోవడం నేను చాలాసార్లు గమనించాను.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి నగరంలోకి ఎలా వెళ్లాలి?

విమానాశ్రయం నగరానికి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలు ఉంది, టాక్సీ ఉంది. చేతిలో సామాను ఎంత, దిగిన వేళ ఏది అన్నదాన్ని బట్టి తేల్చుకోండి.

రైలు పేరు ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్. 2010లో మొదలైంది. స్టేషన్ విమానాశ్రయ భవనం అడుగునే ఉంటుంది, లిఫ్టులో కిందికి దిగితే చాలు. చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి 45 బాట్లు (మనకు రూపాయి ఎలాగో ఇక్కడ బాట్ అలాగ), ప్రయాణం అరగంట లోపే. అక్కడ స్తంభాల మీద నడిచే బీటీఎస్ రైలు అందుకోవచ్చు. సుఖుమ్‌విత్, అసోక్ వైపు వెళ్లేవాళ్లు ముందే మక్కసన్‌లో దిగి, పక్కనే ఉన్న ఫెచ్చబురి స్టేషన్లో భూగర్భ రైలు ఎక్కితే దగ్గర. తెల్లవారుజామున సుమారు ఐదున్నర నుంచి అర్ధరాత్రి వరకు ఈ రైలు తిరుగుతుంది. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానం ఇక్కడికి ఉదయాన్నే దిగుతుంది. ఇక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుందని గుర్తుంచుకోండి. ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చేసరికి రైళ్లు హాయిగా నడుస్తూ ఉంటాయి, రోడ్లు మాత్రం అప్పుడప్పుడే నిండుతూ ఉంటాయి.

నలుగురు మనుషులు, నాలుగు పెద్ద సూట్‌కేసులు ఉంటే టాక్సీయే మేలు. మొదటి అంతస్తులో టాక్సీల వరుస ఉంటుంది. అక్కడి యంత్రం నొక్కితే చిన్న చీటీ వస్తుంది, దాని మీద ఉన్న అంకె దగ్గరికే వెళ్లాలి. ఆ చీటీని డ్రైవర్‌కు ఇచ్చేయకుండా దిగేదాకా దగ్గర ఉంచుకోండి. ఏ బండి, ఏ డ్రైవర్ అన్నది అందులోనే ఉంటుంది. మీటరు మీద పడిన మొత్తానికి విమానాశ్రయం తరఫున 50 బాట్లు కలుస్తాయి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే టోల్ రుసుము ప్రయాణికుడే కట్టాలి, గేటు దగ్గరికి రాగానే డ్రైవర్ చెయ్యి చాపితే కంగారు పడకండి. సుఖుమ్‌విత్ ప్రాంతానికి టోల్ కాకుండా మామూలుగా 300 నుంచి 400 బాట్ల మధ్య అవుతుంది. బయట హాల్లో నిలబడి "టాక్సీ, టాక్సీ" అని వెంటపడేవాళ్ల దగ్గర ఆగవద్దు.

డాన్ మువాంగ్‌లో దిగితే?

ఇది పాత విమానాశ్రయం. 1914 నుంచి ఉంది. చవక విమానాలు ఎక్కువగా ఇక్కడే దిగుతాయి. 2021లో వచ్చిన రెడ్ లైన్ రైలుకు విమానాశ్రయం ఎదుటే స్టేషన్ ఉంది. అది క్రుంగ్ థేప్ అఫివట్ అనే పెద్ద రైల్వే స్టేషన్‌కు చేరుస్తుంది, అక్కడి నుంచి భూగర్భ రైలు ఉంది. ఒంటరిగా, చిన్న సంచితో వచ్చేవాళ్లకు ఏ1 బస్సు ఇంకా సులువు. 30 బాట్లకు మో చిట్ బీటీఎస్ స్టేషన్ దగ్గర దింపుతుంది. పాత నగరం దగ్గరున్న ఖావో సాన్ వీధి వైపు గదులు తీసుకున్నవాళ్లకు ఏ4 బస్సు ఉంది.

ఒక విమానాశ్రయంలో దిగి మరొక విమానాశ్రయంలో ఎక్కాల్సినవాళ్లకు రెండింటి మధ్య ఉచిత బస్సు తిరుగుతుంది. తర్వాతి విమానం టికెట్టు చూపించాలి. మధ్యలో కనీసం నాలుగైదు గంటలు లేకుండా అలాంటి టికెట్లు కొనకండి. ఆ బస్సు వెళ్లేది కూడా ఇదే ట్రాఫిక్‌లో కదా.

హోటల్ ఏ ప్రాంతంలో తీసుకోవాలి?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది గది కొనేసిన తర్వాత నాకు ఫోను చేస్తారు.

ఏ ప్రాంతం అన్నదాని కంటే, రైలు స్టేషన్‌కు ఎన్ని నిమిషాల నడక అన్నది చూడండి. ఐదు నుంచి ఎనిమిది నిమిషాలైతే మంచిది. పటంలో హోటల్ స్టేషన్‌కు దగ్గరగా కనిపించినా మధ్యలో కాలువో, గోడో, ఎనిమిది వరుసల రోడ్డో ఉండవచ్చు కాబట్టి నడక దారిని తప్పకుండా కొలిచి చూసుకోండి. మా పిన్ని కుటుంబం ఒకసారి ఈత కొలను బాగుందని సందు చివర, స్టేషన్‌కు రెండు కిలోమీటర్ల లోపలికి గది తీసుకుంది. రోజూ సాయంత్రం ఆ రెండు కిలోమీటర్లు దాటడానికే ముప్పావుగంట పట్టేది. కొలనులో దిగే ఓపిక ఒక్కరోజూ మిగల్లేదు.

సియామ్, అసోక్, సాలా డేంగ్, సఫాన్ తక్సిన్, ఫయా థాయ్ స్టేషన్ల చుట్టుపక్కల ఉంటే ఎటు వెళ్లాలన్నా ఒక్క మార్పుతో పని అయిపోతుంది. పాత నగరం, అంటే రాజప్రాసాదం చుట్టూ ఉన్న రత్తనకోసిన్ ప్రాంతం మనసుకు నచ్చే చోటు. కాకపోతే అక్కడ పడవల మీద, సనామ్ చాయ్, సామ్ యోట్ అనే రెండు భూగర్భ స్టేషన్ల మీద ఆధారపడాలి.

బీటీఎస్, ఎంఆర్‌టీ అంటే ఏమిటి? ఒకే టికెట్టు చాలదా?

చాలదు. వేర్వేరు సంస్థలు నడిపే వేర్వేరు రైళ్లు ఇవి. మొదటిరోజు తికమక అంతా ఇక్కడే.

బీటీఎస్ తలపైన స్తంభాల మీద నడిచేది. 1999 డిసెంబర్ 5న మొదలైంది. సుఖుమ్‌విత్ లైను, సీలోమ్ లైను అని ముఖ్యమైనవి రెండు, అవి సియామ్ స్టేషన్లో కలుస్తాయి. సియామ్‌లో ఒక ప్లాట్‌ఫాం మీద దిగి ఎదురుగా ఉన్న రైలు ఎక్కేయవచ్చు, మెట్లెక్కే పని కూడా చాలాసార్లు ఉండదు. ఎంఆర్‌టీలో మనకు ఎక్కువగా పనికొచ్చేది బ్లూ లైను. 2004లో మొదలైన ఈ భూగర్భ రైలు 2019లో చైనాటౌన్, పాత నగరం మీదుగా నది అవతలికి సాగింది. అంతకుముందు రాజప్రాసాదానికి దగ్గర్లో రైలే లేదు. పసుపు, గులాబీ రంగు లైన్లు 2023లో వచ్చాయి, అవి శివార్లవి, చూడటానికి వచ్చినవాళ్లకు అంతగా అవసరపడవు.

టికెట్టు సంగతి. ఎంఆర్‌టీలో ఒక్కసారి ప్రయాణానికి నల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఇస్తారు, క్యారమ్ కాయినంత ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు గేటు మీద తాకించాలి, బయటికి వచ్చేటప్పుడు చీలికలో వేయాలి. తాకిస్తే పనిచేసే వీసా లేదా మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డు ఉంటే బిళ్ల కూడా అక్కర్లేదు, కార్డునే గేటుకు చూపించవచ్చు. ఏ కార్డుతో లోపలికి వెళ్లారో అదే కార్డుతో బయటికి రావాలి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కార్డు ఉండాలి. బీటీఎస్‌లో ర్యాబిట్ కార్డు అని ఒకటి ఉంది. పాస్‌పోర్టు చూపించి కౌంటర్లో తీసుకోవాలి. నాలుగు రోజులకు మించి ఉండేవాళ్లు తీసుకోండి, లేదంటే ఒక్కసారి టికెట్లతో సరిపెట్టుకోవచ్చు. పాత టికెట్టు యంత్రాలు కొన్ని నాణేలే తీసుకుంటాయి. కౌంటర్లో నోటు ఇస్తే చిల్లర ఇస్తారు.

రెండింటిలోనూ ఛార్జీ 17 బాట్లతో మొదలవుతుంది. నగరం మధ్యలో తిరిగినంతసేపు ఏ ప్రయాణమూ 50 బాట్లు దాటదు. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. రైలు లోపల తినడం, తాగడం కుదరదు. డురియన్ పండు తీసుకువెళ్లడం అసలే కుదరదు, ఆ వాసన ఒకసారి చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు.

రైళ్లు మారే చోట రెండు స్టేషన్లకు రెండు పేర్లు ఎందుకున్నాయి?

రెండు సంస్థలు కాబట్టి. బీటీఎస్‌లో "అసోక్" అన్నదే ఎంఆర్‌టీలో "సుఖుమ్‌విత్". బీటీఎస్ "సాలా డేంగ్" ఎంఆర్‌టీలో "సీలోమ్". బీటీఎస్ "మో చిట్" ఎంఆర్‌టీలో "చతుచక్ పార్క్". ఈ మూడు జంటలూ ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

మో చిట్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. దూరప్రాంతాల బస్సులు బయలుదేరే పెద్ద బస్టాండును కూడా మో చిట్ అనే పిలుస్తారు. అది బీటీఎస్ స్టేషన్ పక్కన లేదు, సామానుతో నడిచి వెళ్లగలిగే దూరమూ కాదు. అలాగే శని, ఆదివారాల్లో చతుచక్ సంతకు వెళ్లేవాళ్లు చతుచక్ పార్క్‌లో కాకుండా దాని తర్వాతి ఎంఆర్‌టీ స్టేషన్ కంఫేంగ్ ఫెట్‌లో దిగండి. మెట్లెక్కి బయటికి వస్తే నేరుగా సంతలోనే ఉంటారు.

ఈ పేర్లు నోరు తిరగడం లేదు. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లందరికీ సంతోషంగా జవాబు చెబుతాను, ఎందుకంటే మనకు ఇక్కడ ఒక పెద్ద ఆసరా ఉంది. థాయ్ భాష సంస్కృతం నుంచి వేల మాటలు తీసుకుంది. రాత పాత పద్ధతిలోనే ఉంది, పలుకు మాత్రం తనదైన దారి పట్టింది. "ద" అక్కడ "థ"గా, "గ" అక్కడ "ఖ"గా, "వ" చాలాచోట్ల "ఫ"గానో "ప"గానో వినిపిస్తుంది. చివరి అక్షరం మింగేస్తారు. ఈ కిటుకు తెలిస్తే తెలుగు చెవికి సగం పటం సొంత ఊరిలా అనిపిస్తుంది.

రాట్చథేవి స్టేషన్ అంటే రాజదేవి. ఫెచ్చబురి అంటే వజ్రపురి. సురసక్ అంటే సురశక్తి. లుంఫిని అంటే బుద్ధుడు పుట్టిన లుంబిని. ఫ్రా అథిట్ రేవులో ఉన్నది ఆదిత్యుడు. రచ్చదాఫిసేక్ రోడ్డు పేరు రజతాభిషేకం, రామ అనే బిరుదున్న ఇక్కడి రాజుల్లో తొమ్మిదోవాడైన భూమిబల్ గద్దెనెక్కిన రజతోత్సవం గుర్తుగా పెట్టారు. చతుచక్ అంటే నాలుగు చక్రాలు. పన్నెండేళ్లు ఒక చక్రం లెక్కన నాలుగు పూర్తయి, అంటే అదే రాజుకు 48 ఏళ్లు నిండిన సందర్భంలో ఆ తోటకు ఆ పేరు వచ్చింది. ఇక బ్యాంకాక్‌ను ఇక్కడివాళ్లు బ్యాంకాక్ అనరు. క్రుంగ్ థేప్ మహానఖోన్ అంటారు. థేప్ అంటే దేవ, నఖోన్ అంటే నగరం. దాని పూర్తి పేరు నాలుగు వరుసలంత ఉంటుంది. అందులో అమర, నవరత్న, రాజధాని, రాజనివేశ, మహాస్థాన, విమాన, అవతార అన్నీ వరుసగా దొర్లుతాయి, చివరికి విశ్వకర్మ కూడా వస్తాడు. స్టేషన్లో ప్రకటన వినిపించినప్పుడల్లా ఇందులో మన మాట ఏది అని వెతకండి. రెండో రోజుకే పేర్లు నోట్లో ఆడతాయి.

చావో ఫ్రాయా నది మీద పడవలు ఎలా ఎక్కాలి?

ఈ నగరంలో నాకు ప్రాణప్రదమైన ప్రయాణం ఇదే. కారులో చెమటలు కక్కుతూ ఊరు చూసి వెళ్లినవాళ్లు నది ఎక్కకుండా తిరిగి వెళితే నిజంగా బాధపడతాను.

బీటీఎస్ సీలోమ్ లైనులో సఫాన్ తక్సిన్ స్టేషన్లో దిగండి. కిందికి రాగానే సాథోన్ రేవు. ఎక్స్‌ప్రెస్ పడవలకు ఇది కేంద్ర రేవు, మిగతా రేవులకు ఇక్కడి నుంచి ఉత్తరంగా అంకెలు ఉంటాయి. పడవ వెనక కట్టిన జెండా రంగును బట్టి అది ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుస్తుంది. నారింజ జెండా పడవ ముఖ్యమైన రేవులన్నిటిలోనూ ఆగుతుంది, ఎంత దూరమైనా 16 బాట్లే. నీలం జెండాది పర్యాటకుల పడవ, టికెట్టు ఎక్కువ, ఆంగ్లంలో వ్యాఖ్యానం ఉంటుంది. రేవులో మొదట కనిపించే కౌంటరు నీలం జెండాదే కావచ్చు. నారింజ పడవ కావాలంటే "ఆరెంజ్ ఫ్లాగ్" అని అడగండి, పక్కకు చూపిస్తారు.

పడవ వచ్చేటప్పుడు చూడాలి. ఇంకా పది గజాల దూరంలో ఉండగానే వెనక నిలబడ్డ కుర్రాడు ఈల వేయడం మొదలుపెడతాడు. ముందున్న సరంగుకు వెనక భాగం కనిపించదు కాబట్టి ఆ ఈలలే అతనికి కళ్లు. పొడుగు ఈల, పొట్టి ఈలలు, మళ్లీ పొడుగు ఈల. ఇంజను గర్జిస్తూ వెనక్కి తిరుగుతుంది, పాత టైర్లు రేవుకు రాసుకుంటాయి, కుర్రాడు తాడును గుంజకు ఒక్క చుట్టు చుట్టి బిగించి పట్టుకుంటాడు. దిగేవాళ్లు దిగాక ఎక్కేవాళ్లు ఎక్కుతారు, అంతా అర నిమిషం. తాడు వదలగానే పడవ కదులుతుంది. అందుకే దిగాల్సిన రేవు వచ్చేముందే వెనక భాగానికి వచ్చి నిలబడండి, పిల్లల చెయ్యి పట్టుకోండి, ఫోను జేబులో పెట్టండి. లోపల కండక్టరు పొడవాటి రేకు గొట్టాన్ని టకటకలాడిస్తూ వస్తుంది. చిల్లర, టికెట్లు రెండూ అందులోనే. 20 బాట్ల ఆకుపచ్చ నోట్లు కొన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటే ఈ ఊళ్లో చాలా పనులు తేలిగ్గా జరుగుతాయి.

వెనక వైపు కొంత చోటు బౌద్ధ భిక్షువుల కోసం ఉంచుతారు, అక్కడ నిలబడకండి. ఆడవాళ్లు భిక్షువులకు తగలకుండా, పక్కన కూర్చోకుండా చూసుకోవడం ఇక్కడి మర్యాద.

ఎక్కడ దిగాలి అంటే, చైనాటౌన్‌కు రాచవోంగ్, వాట్ ఫో ఆలయానికి థా తియన్, రాజప్రాసాదానికి థా చాంగ్, ఖావో సాన్ వైపు ఫ్రా అథిట్. థా తియన్ నుంచి ఎదుటి ఒడ్డున వాట్ అరుణ్‌కు దాటే చిన్న పడవ ఉంటుంది, ఐదు బాట్లు. అరుణుడి పేరిట ఉన్న ఆలయమైనా దాన్ని సూర్యాస్తమయం వేళ ఇవతలి ఒడ్డు నుంచి చూడండి. ఎక్స్‌ప్రెస్ పడవలు చీకటి పడ్డాక కాసేపటికే ఆగిపోతాయి, కాబట్టి తిరిగి రావడానికి సనామ్ చాయ్ భూగర్భ స్టేషన్‌కు నడవాలి. ఆ స్టేషన్ లోపలి భాగాన్ని రాజసభా మండపంలా కట్టారు. రైలెక్కే తొందరలో తలెత్తకుండా వెళ్లిపోకండి.

కాలువ పడవ అని ఇంకోటి చెబుతారు. అది వేరా?

వేరు. సెన్ సెప్ కాలువ నగరం మధ్యలో తూర్పు పడమరలుగా సాగుతుంది. మూడో రామ రాజు కాలంలో, 1830 దశకం చివర్లో, సైన్యాన్ని తరలించడానికి తవ్వించారు. ఇప్పుడు ఉద్యోగులను తరలిస్తోంది. పాత నగరం అంచున ఫాన్ ఫా రేవు నుంచి ప్రతూనామ్ దాకా ఒక పడవ, అక్కడ దిగి మారితే తూర్పుకు మరో పడవ. సాయంత్రం ఐదున్నరకు ప్రతూనామ్ నుంచి పాత నగరానికి దీనికంటే వేగంగా చేర్చే వాహనం ఏదీ లేదు. ఛార్జీ కూడా 20 బాట్లకు అటూ ఇటూ.

నీళ్లు శుభ్రమైనవి కావు. ఎదురు పడవ వచ్చినప్పుడు అల లేస్తుంది, అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి పట్టా పైకి ఎత్తాలి. అంచున కూర్చుంటే ఆ బాధ్యత మీదే, వెనకవాళ్లు ఎదురుచూస్తారు. వంతెనలు కిందికి ఉన్నచోట పైకప్పు కూడా దించుతారు. టికెట్టు ఇచ్చేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీదే నడుస్తూ వస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను, చంటిపిల్లలను దీంట్లో ఎక్కించవద్దు. ఎక్కడం దిగడం చకచకా జరిగిపోవాలి.

టాక్సీ డ్రైవర్లు మీటరు వేస్తారా?

చాలామంది వేస్తారు. అద్దంలో ఎర్ర దీపం వెలుగుతుంటే బండి ఖాళీ అని అర్థం. ఎక్కేముందు చోటు పేరు చెప్పి, "మీటర్?" అని అడగండి. తల ఊపితే ఎక్కండి. "300" అని రేటు చెబితే నవ్వుతూ తలుపు వేసేసి తర్వాతి బండి ఆపండి. వాదించనక్కర్లేదు, రెండు నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. మామూలు కారుకు మీటరు 35 బాట్లతో మొదలవుతుంది. పెద్ద హోటళ్ల ముందు, రాజప్రాసాదం ముందు ఆగి ఉన్న బండ్ల కంటే రోడ్డు మీద పోతున్న బండి నయం.

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య చాలామంది రానంటారు. అది బండి చేతులు మారే వేళ, యజమానికి అప్పగించాల్సిన తొందరలో ఉంటారు. దాన్ని అవమానంగా తీసుకోకండి. టాక్సీ పిలిచే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఇక్కడ బాగా పనిచేస్తాయి. భాష రాని చోట ఇల్లు వెతకడానికి అవే మేలు, చిరునామా చెప్పే అవస్థ తప్పుతుంది.

నాలుగు మాటలు నేర్చుకోండి. "లీయో సాయ్" అంటే ఎడమకు తిప్పు, "లీయో ఖ్వా" కుడికి, "త్రోంగ్ పాయ్" నేరుగా, "జోట్ త్రోంగ్ నీ" ఇక్కడ ఆపు. మాట చివర మగవాళ్లు "ఖ్రప్" అని, ఆడవాళ్లు "ఖా" అని చేర్చాలి. అది మన "అండీ" లాంటిది. అది లేకుండా మాట్లాడితే గద్దించినట్టు ఉంటుంది.

టుక్‌టుక్ ఎక్కకుండా ఎలా ఉంటాం? మోసపోకుండా ఎక్కడం ఎలా?

సాయంత్రం చైనాటౌన్‌లో యావరాట్ రోడ్డు దీపాల మధ్య ఒకసారి ఎక్కండి, పిల్లలు చాలాకాలం చెప్పుకుంటారు. మన ఆటో లాంటిదే, మీటరు ఉండదు, ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి. టాక్సీ కంటే చవక అనుకోవద్దు.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. రాజప్రాసాదం దగ్గర ఒక మర్యాదస్తుడు మీ దగ్గరికి వచ్చి, "ఈరోజు పండుగ, ప్రాసాదం మూసేశారు, మధ్యాహ్నం తెరుస్తారు, ఈలోగా 20 బాట్లకు టుక్‌టుక్‌లో గుళ్లు చూసి రండి" అంటాడు. ఆ బండి నగల దుకాణానికి, దర్జీ దుకాణానికి తీసుకువెళుతుంది. నేను ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాకూ ఇదే జరిగింది. ఒక పూటంతా పోయింది. ప్రాసాదం మామూలుగా ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు తెరిచే ఉంటుంది, విదేశీయులకు టికెట్టు 500 బాట్లు. ఎవరేం చెప్పినా ద్వారం దాకా నడిచి వెళ్లి కళ్లారా చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. లోపల మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ నడవాలో 178 గోడచిత్రాల్లో రామాయణం ఉంది. వారధి కడుతున్న వానరులను చూస్తూ మా అమ్మ గంటసేపు కదల్లేదు. కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

చొక్కా మీద నారింజ రంగు కోటు వేసుకున్న మోటారు సైకిళ్లవాళ్లు ఎవరు?

ప్రతి సందు మొదట్లో నిలబడే బైక్ టాక్సీలు. ఇక్కడివాళ్లు "విన్" అంటారు. స్టేషన్ నుంచి సందు చివరకు చేరడానికి ఊరంతా వాళ్ల మీదే ఆధారపడుతుంది. రేట్ల పలక స్టాండులో వేలాడుతూ ఉంటుంది. హెల్మెట్ అడిగి పెట్టుకోండి, మోకాళ్లు దగ్గరగా పెట్టుకోండి, పెద్ద రోడ్డు మీద దూర ప్రయాణాలకు వద్దు.

చిరునామాలో "సోయ్" అంటే ఏమిటి?

"థనోన్" పెద్ద రోడ్డు, "సోయ్" దాని నుంచి చీలే సందు. సందులకు అంకెలు ఉంటాయి. రోడ్డుకు ఒక పక్క బేసి, రెండో పక్క సరి. సుఖుమ్‌విత్ రోడ్డుకు ఉత్తరాన బేసి సందులు, దక్షిణాన సరి సందులు. తిరకాసు ఏమిటంటే ఒక పక్క సందులు దగ్గరదగ్గరగా, ఇంకో పక్క దూరదూరంగా ఉంటాయి. అందువల్ల అంకెలు ఎదురెదురుగా రావు. థోంగ్ లో అని పేరున్న సోయ్ 55కు ఎదురుగా ఉండేది సోయ్ 38. సోయ్ 54 ఎదురుగా ఉంటుందని రోడ్డు దాటితే చాలా దూరం నడవాలి. హోటల్ వాళ్ల దగ్గర చిరునామాను థాయ్ లిపిలో రాయించుకుని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

సిటీ బస్సులు?

చవక, దారులు ఎక్కువ, ట్రాఫిక్‌లోనే నిలబడతాయి. ఒకరోజు ఏ పనీ లేకుండా నగరం చూడాలనిపిస్తే పాత ఎర్ర బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చోండి, చెక్క పలకల నేల, పైన తిరిగే ఫ్యాను, కండక్టరు చేతిలో అదే రేకు గొట్టం. పని మీద వెళ్లేటప్పుడు మాత్రం రైలే.

అమ్మానాన్నలను తీసుకువస్తున్నాం. మెట్లు ఎక్కలేరు.

ఎంఆర్‌టీ స్టేషన్లలో లిఫ్టులు బాగుంటాయి. బీటీఎస్‌లోనూ ఉన్నాయి, కానీ అన్ని ద్వారాల దగ్గరా ఉండవు, లిఫ్టు ఏ ద్వారం దగ్గర ఉందో ముందే చూసుకోవాలి. కనిపించకపోతే స్టేషన్ సిబ్బందిని అడగండి, పక్కనే నడిచి చూపించేవాళ్లు ఎందరో. సియామ్ నుంచి చిట్ లోమ్ దాకా రైలు దారి కిందే నడక వంతెన ఉంది, ఎండ, వాన, రోడ్డు దాటడం ఏమీ లేకుండా వెళ్లవచ్చు. దాని చివరలోనే 1956లో వెలసిన ఎరావాన్ బ్రహ్మ మందిరం. సీలోమ్ రోడ్డులో మారియమ్మన్ కోవెలకు సురసక్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలరు. నేల మీద కాలిబాటలు మాత్రం ఎగుడుదిగుడు. చెప్పులకు బదులు బూట్లు వేయించండి.

రోజుకు ఒకే దిక్కు పెట్టుకోండి. పొద్దున పాత నగరం, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి, సాయంత్రం నది. పెద్దవాళ్లకు ఈ ఊరి ఎండ మన మే నెలలా ఉంటుంది, ఉక్కపోత అంతకంటే ఎక్కువ.

వాన పడితే?

మే నుంచి అక్టోబర్ దాకా సాయంత్రాలు కుండపోతగా కురుస్తుంది. గంటలో తగ్గుతుంది. ఆ గంటలో టాక్సీ దొరకదు, యాప్‌లో ధర రెట్టింపవుతుంది, లోతట్టు సందుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. స్టేషన్ పక్కనున్న దుకాణ సముదాయంలో కూర్చుని భోజనం చేసేయండి. తగ్గాక బయలుదేరితే, వానలో బయలుదేరినవాళ్ల కంటే ముందే గదికి చేరతారు.

సాయంత్రం ఆరింటికి స్టేషన్లో అందరూ ఉన్నచోటే నిలబడిపోయారు. ఏం జరిగింది?

రోజూ ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరింటికి జాతీయ గీతం వినిపిస్తుంది. స్టేషన్లలో, పార్కుల్లో నడిచేవాళ్లు ఆగిపోతారు. మీరూ ఆగండి. నిమిషంలో అయిపోతుంది.

పట్టాయా, అయుత్తయ వెళ్లాలంటే కారు మాట్లాడుకోవాలా?

అవసరం లేదు. పట్టాయా బస్సులు ఎక్కమై బస్టాండు నుంచి బయలుదేరతాయి, అది బీటీఎస్ ఎక్కమై స్టేషన్ పక్కనే. సువర్ణభూమి నుంచి నేరుగా పట్టాయాకు కూడా బస్సు ఉంది, మొదట పట్టాయా చూసేవాళ్లు నగరంలోకి రానక్కర్లేదు.

అయుత్తయ, అంటే అయోధ్య పేరు పెట్టుకున్న పాత రాజధాని, 80 కిలోమీటర్లు. రైల్లోనే వెళ్లండి. మూడో తరగతి టికెట్టు 20 బాట్ల లోపే. కిటికీలు తెరిచే ఉంటాయి, వరి పొలాలు కోనసీమను తలపిస్తాయి. దూరపు రైళ్లు చాలావరకు 2023 జనవరిలో 1916 నాటి హువా లంఫోంగ్ స్టేషన్ నుంచి క్రుంగ్ థేప్ అఫివట్‌కు మారాయి. మీ రైలు ఏ స్టేషన్ నుంచో టికెట్టు మీద చూసుకుని మరీ బయలుదేరండి.

తిరుగు ప్రయాణానికి ఎంత ముందు బయలుదేరాలి?

హైదరాబాద్ విమానాలు రాత్రి వేళ ఉంటే, విమానాశ్రయానికి వెళ్లే సమయం సరిగ్గా ట్రాఫిక్ ముదిరిన సమయం అవుతుంది. సాయంత్రం ఐదు, ఏడు మధ్య సుఖుమ్‌విత్ నుంచి టాక్సీలో గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. సామాను తక్కువైతే మక్కసన్ నుంచి రైలెక్కండి. టాక్సీయే తప్పదంటే నాలుగింటికే గది ఖాళీ చేసి వెళ్లిపోండి.

ముందే చేరితే ఆ సమయం వృథా కాదు. పాస్‌పోర్టు తనిఖీ దాటగానే హాలు మధ్యలో క్షీరసాగర మథనం కనిపిస్తుంది. పొడవాటి వాసుకిని ఒకవైపు దేవతలు, ఒకవైపు అసురులు లాగుతున్నారు, కింద కూర్మం, పైన విష్ణుమూర్తి. చాలామంది దాని ముందు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు పిల్లలను వెంటబెట్టుకుని చుట్టూ ఒకసారి తిరగండి. అసురుల ముఖాల్లో ఏ రెండూ ఒకలా ఉన్నాయో లేదో వాళ్లనే వెతకమనండి.